బరువు ఎక్కడికీ పోదు

"వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ పెట్టించాక కారవాన్ బరువు గురించి ఆలోచించనక్కర్లేదు."

డల్లాస్ నుంచీ మెల్‌బోర్న్ నుంచీ సెలవులకు వచ్చే మనవాళ్లు ఈ మాట చాలా ధీమాగా అంటారు. పోయిన చలికాలం మా మేనల్లుడు కోల్‌కతాలో మా ఇంటి వసారాలో కూర్చుని ఇదే మాట అన్నాడు. అమెరికాలో వాడిన హిచ్‌ను ఇంటి సామాన్లతో పాటు ఓడలో తెప్పించుకున్నాడు. ఇక్కడ కట్టించుకున్న కారవాన్‌ను భార్యాపిల్లలతో దీఘా సముద్రతీరం దాకా లాక్కెళ్లాలని అతని కోరిక. కోరికను నేను కాదనను. ఆ ధీమాను మాత్రం ఒప్పుకోను. దాని వెనక ఉన్న తర్కం ఐదు చోట్ల తెగిపోయింది. తెగిన ఒక్కొక్క చోటా ఒక్కొక్క ప్రమాదం కాచుకుని ఉంది.

వాళ్ల వాదన ఇది. కారవాన్ మూతి కారు వెనక బంపర్ అవతల ఉన్న బాల్ మీద కూర్చుంటుంది. ఆ బరువుకు కారు తోక కుంగుతుంది, ముక్కు లేస్తుంది. హెడ్‌లైట్లు చెట్ల కొమ్మలను చూస్తాయి, స్టీరింగ్ తేలిక పడుతుంది, ముందు చక్రాలకు పట్టు తగ్గుతుంది. ఈ హిచ్‌కు రెండు స్ప్రింగ్ బార్లుంటాయి. వాటి ఒక కొస బాల్ దగ్గరి దిమ్మలో దిగితే, రెండో కొసను కారవాన్ చట్రానికి గొలుసుతోనో బ్రాకెట్‌తోనో బిగించి పైకి లాగుతారు. గడ్డపారతో మీటినట్టు ఆ బార్లు కారు తోకను ఎత్తి, ముందు చక్రాలను నేలకు అదుముతాయి. ఇంతవరకు ప్రతి అక్షరం నిజం. ఈ పరికరం పనికిరానిదని అనేవాళ్ల పక్షం కాదు నాది.

ఆ తర్వాత వచ్చే 'కాబట్టి'లతోనే నా తగువు. కాబట్టి బరువు తగ్గింది. కాబట్టి కారు సమంగా నిలిస్తే పని పూర్తయినట్టే. కాబట్టి ఎంత పెద్ద రేటింగ్ కొంటే అంత క్షేమం. కాబట్టి బండి ఊగదు. కాబట్టి షాపులో ఒకసారి బిగిస్తే చాలు. ఈ ఐదూ తప్పే.

1. 'బరువు తగ్గుతుంది'

తగ్గదు. దీనికి ఇంజనీరింగ్ చదువు అక్కర్లేదు, మన ఊళ్లో ఎడ్లబండి తోలిన ఎవరినైనా అడగండి. వడ్ల బస్తాలు నొగల వైపు ఎక్కువ పడితే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుని పుండ్లు పడతాయి. వెనక్కి ఎక్కువ పడితే కాడి పైకి లేచి మెడతాళ్లు గొంతులకు బిగుసుకుంటాయి. అందుకే బండివాడు బస్తాలు ఇరుసుకు కాస్త ముందుకు సర్ది, ఎత్తెక్కేటప్పుడు తను కూడా నొగల మీదికి జరిగి కూర్చుంటాడు. అంత చేసినా బస్తాల బరువు తగ్గిందని అతను ఎన్నడూ అనుకోడు. ఎవరి మీద ఎంత పడాలన్నదే అతని లెక్క.

కోల్‌కతాలో ఈ లెక్క రోజూ కళ్ల ముందు నడుస్తుంది. కాలేజ్ స్ట్రీట్ వైపు సందుల్లో ఇప్పటికీ చేతి రిక్షాలున్నాయి. ఒకే ఇరుసు, రెండు పెద్ద చక్రాలు, రెండు నొగలు. ఎక్కినవాళ్లు వెనక్కి వాలితే నొగలు పైకి లేస్తాయి, లాగేవాడు తన ఒంటి బరువంతా వాటి మీద మోపి కిందికి తేవాలి. ముందుకు వంగి కూర్చుంటే అతని భుజాలు లాగేస్తాయి. కారవాన్ కూడా ఇలాంటి బండే. లాగే మనిషి స్థానంలో కారు ఉంది, అంతే. బాల్ మీద పడే బరువును నేను నొగ బరువు అనే అంటాను. మనకు అంతకంటే సరైన మాట లేదు.

ఇప్పుడు అంకెలు వేద్దాం. నింపిన కారవాన్ 2,500 కిలోలు. నొగ బరువు 300 కిలోలు, అంటే 12 శాతం. కారు రెండు ఇరుసుల మధ్య దూరం 3 మీటర్లు. వెనక ఇరుసు నుంచి బాల్ 1.2 మీటర్ల వెనక ఉంది. బాల్ నుంచి కారవాన్ ఇరుసు 5 మీటర్లు. బార్లు లేకుండా తగిలిస్తే కారు వెనక ఇరుసు మీద అదనంగా 420 కిలోలు పడతాయి. నొగ బరువు 300 కదా, 420 ఎలా? బాల్ వెనకకు పొడుచుకుని ఉండటం వల్ల అది ఊయల బల్లలా పనిచేసి ముందు ఇరుసు నుంచి 120 కిలోలు ఎత్తి వెనక ఇరుసు మీద పడేస్తుంది. అందుకే ముక్కు లేస్తుంది.

ఇప్పుడు బార్లు బిగించి ఆ 120 కిలోలనూ ముందు ఇరుసుకు పూర్తిగా తిరిగి తెచ్చామనుకోండి. వెనక ఇరుసు మీద అదనం 420 నుంచి 242కు దిగుతుంది. కారవాన్ సొంత ఇరుసు మీదికి 58 కిలోలు వెళతాయి. 242కు 58 కలిపితే 300. ఒక్క కిలో కూడా గాలిలో కలిసిపోలేదు. పైగా కారవాన్ ఇరుసుకు పోయింది 58 మాత్రమే. కారు ఇంకా 242 మోస్తూనే ఉంది. దానికి తోడు హిచ్ దిమ్మ, బార్లు కలిపి నలభై కిలోలకు అటూఇటూ ఉంటాయి, వాటినీ కారే మోయాలి.

ఇది మరిచిపోతే ఏమవుతుంది? 'హిచ్ ఉంది కదా' అని కారవాన్‌లో ఇంకో ఏసీ, ఇంకో నీళ్ల ట్యాంకు, ఒక జనరేటర్ చేరతాయి. లాగే సామర్థ్యం, టైర్ల సామర్థ్యం, బ్రేకుల సామర్థ్యం, ఇరుసుల సామర్థ్యం కారు తయారైన రోజున ఎంత ఉన్నాయో ఈరోజూ అంతే. హిచ్ వాటిలో ఒక్కదాన్నీ పెంచదు. చట్టం కూడా పెంచదు. మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ బరువు పరిమితులు పెడుతుంది, 194వ సెక్షన్ ఉల్లంఘనకు 20,000 రూపాయలు, అదనపు టన్నుకు మరో 2,000 చొప్పున జరిమానా వేస్తుంది. 2018 జులైలో కేంద్రం లారీలకు పరిమితులు సడలించినప్పుడు కూడా ఇరుసు ఇరుసుకూ లెక్క కట్టే సడలించింది. నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు 10.2 టన్నుల నుంచి 11.5కు, జంట ఇరుసులకు 19 నుంచి 21కి. మొత్తం బరువు ఎంత అన్న ప్రశ్నతో పాటు అది ఏ ఇరుసు మీద ఎంత అన్న ప్రశ్నా ఉంటుందని లారీల కోసం రాసిన నిబంధనలకు తెలుసు. కారు కొన్న మనమే మరిచిపోతున్నాం.

మధ్యలో ఒక మాట. ఇక్కడి లారీ యజమానులు దీనికి సరిగ్గా తిరగేసిన వాదన చేస్తారు. "ఖిదిర్‌పూర్ డాక్ నుంచి కంటైనర్లు లాగే ట్రైలర్లకే ఈ బార్లు లేవు, మీ కారుకెందుకండీ?" అంటారు. ఆ ట్రైలర్ ఎక్కడ కూర్చుంటుందో ఒకసారి వంగి చూడండి. లాగే బండి వెనక ఇరుసుకు పైన, కాస్త ముందుగా ఉన్న పళ్లెం మీద కూర్చుంటుంది. బరువు రెండు ఇరుసుల నడుమ పడుతుంది కాబట్టి ఊయల బల్ల లేదు, ముక్కు లేవదు. 1988 చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. తన బరువులో కొంత భాగాన్ని లాగే వాహనం మీద మోపేలా, ఒక భాగం దాని పైకి ఎక్కి ఉండేలా కట్టినదాన్ని సెమీ ట్రైలర్ అని వేరుగా నిర్వచించింది. కారవాన్ అలాంటిది కాదు. బంపర్ వెనక వేలాడుతుంది. అందుకే దానికి బార్ల అవసరం వచ్చింది. అవసరం ఉందన్నంత మాత్రాన అద్భుతం జరుగుతుందని కాదు.

2. 'కారు సమంగా నిలిస్తే చాలు'

అన్నిటికంటే ఎక్కువమందిని మోసం చేసేది ఈ మాటే. పక్కన నిలబడి ఒక కన్ను మూసి చూస్తారు, కారు గీత గీసినట్టుంది, సరిపోయిందంటారు. కారు వెనక స్ప్రింగులకు తోడుగా గాలి సంచులు పెట్టినా అంతే సమంగా నిలుస్తుంది. కానీ ముందు చక్రాల మీదికి ఒక్క కిలో కూడా తిరిగి రాదు. తోక లేచింది, బరువు మాత్రం వెనక ఇరుసు మీదే ఉంది. రెండు కార్లూ ఫొటోలో ఒకేలా ఉంటాయి. వాన నీళ్ల మీద బ్రేకు వేసినప్పుడు ఒకదానికి ముందు చక్రాలు పట్టుకుంటాయి, రెండోదానికి జారతాయి.

చూడాల్సింది ముందు చక్రం పైనున్న మడ్‌గార్డ్ అంచు ఎత్తు. టేపు చాలు. కారవాన్ తగిలించక ముందు నేల నుంచి ఆ అంచు 860 మిల్లీమీటర్లు ఉందనుకోండి. బార్లు లేకుండా తగిలించాక 890కి లేచింది. అంటే ముక్కు 30 మిల్లీమీటర్లు లేచింది. ఇప్పుడు బార్లు బిగించి ఎంతకు దింపాలి?

"860కే దింపాలి, ఇంకా దిగితే ఇంకా మంచిది" అంటారు మనవాళ్లు. కానీ ఫోర్డ్ ఎఫ్-150 లాంటి పికప్‌ల మాన్యువల్ సగమే దించమంటుంది. పై లెక్కలో 875. లాగడానికే పుట్టిన వాహనం తయారీదారు సగం దగ్గర ఎందుకు ఆగమన్నాడో ఆలోచించండి. బార్లను బిగించే కొద్దీ కారు వెనక ఇరుసు తేలికవుతుంది. మన లెక్కలో పూర్తిగా బిగిస్తే ఆ ఇరుసు మీద నుంచి 178 కిలోలు లేచాయి. మలుపులో కారవాన్ కారు తోకను పక్కకు నెడుతుంది. ఆ నెట్టుడును ఆపాల్సింది కారు వెనక టైర్లే. వాటి మీద బరువు తగ్గితే పట్టు తగ్గుతుంది, కారు తోక ముందు జారి, కారవాన్‌తో కలిసి చాకు మడతలా ముడుచుకుంటుంది. సగం వరకే దించితే ముందు ఇరుసుకు 60 కిలోలు తిరిగి వచ్చి, వెనక ఇరుసు మీద అదనం 331 దగ్గర నిలుస్తుంది. స్టీరింగూ బతికింది, తోకా బతికింది.

కొన్ని వాహనాలకు తయారీదారు ఇంకో అంకె చెబుతాడు. గాలి సస్పెన్షన్ ఉన్న కొన్నిటికి ఈ హిచ్ అసలు వాడొద్దంటాడు. వాడాల్సిన అంకె ఆ కారు మాన్యువల్లో ఉంటుంది. మన కంటి అంచనాలో ఉండదు. ఇక్కడ అమ్మే కారుకు ఆ అంకె, అసలు లాగే సామర్థ్యం అంకె, మాన్యువల్లో ఉన్నాయో లేదో ముందు చూడాలి. లేకపోతే ఆ కారుతో కారవాన్ లాగొద్దు. 'ఇంత పెద్ద బండి లాగలేదా' అన్నది సమాధానం కాదు.

3. 'పెద్దది కొంటే క్షేమం'

మా మేనల్లుడు తెచ్చుకున్నది అమెరికాలో పెద్ద పికప్ వెనక, ఇంతకు రెట్టింపు బరువున్న ట్రైలర్‌కు వాడింది. "మామయ్యా, ఎక్కువ రేటింగ్ ఉంటే నష్టమేముంది?" అని అడిగాడు. నష్టముంది. స్ప్రింగ్ బార్ వంగడానికే పుట్టింది. గతుకు వచ్చినప్పుడు అది వంగి ఆ కుదుపును మింగాలి. తేలిక బండికి మందమైన బార్ పెడితే వంగదు. ప్రతి కుదుపునూ కారవాన్ మూతి చట్రంలోకీ, కారు కింద హిచ్‌ను పట్టే కొక్కెం, అంటే రిసీవర్‌లోకీ సుత్తి దెబ్బలా పంపుతుంది. అతుకులు అక్కడే విడతాయి. కోల్‌కతా దాటి ఏ దిక్కుకు పోయినా గతుకులకు లోటు లేదని మళ్లీ చెప్పాలా?

బార్‌ను ఎంచడానికి లెక్క చిన్నదే. నిండిన కారవాన్ నొగ బరువు, దానికి కారు వెనక ఇరుసు అవతల డిక్కీలో పెట్టే సామాను బరువు కలపండి. ఆ మొత్తం బార్ రేటింగ్ లోపల, పై అంచుకు దగ్గరగా ఉండాలి. ఖాళీ కారవాన్ బ్రోచర్ అంకెతో ఈ లెక్క చేస్తే చేయనట్టే.

ఇక అసలు భయం రిసీవర్ గురించి. అమెరికాలో రిసీవర్ మీద రెండు జతల అంకెలు రాసి ఉంటాయి. ఉదాహరణకు ఊరికే మోస్తే 5,000 పౌండ్ల ట్రైలర్, 500 పౌండ్ల నొగ బరువు. బార్లతో పంచితే 10,000, 1,000. ఒకే ఇనుముకు రెండు అంకెలు ఎందుకంటే దాని మీద పడే శ్రమ వేరు. ఊరికే లాగే కొక్కేన్ని ముందుకూ వెనక్కూ గుంజుతారు, కిందికి నొక్కుతారు. బార్లు బిగించిన కొక్కేన్ని మెలితిప్పుతారు. మన లెక్కలో ఆ మెలి దాదాపు 290 కిలోగ్రామ్-మీటర్లు. మీటరు పొడవున్న గడ్డపార ఒక కొసను కారు కింద అతికించి, రెండో కొసకు 290 కిలోలు వేలాడదీస్తే ఎంతో అంత. బార్లు దాన్ని పైదిశకు తిప్పుతాయి, అంతే తేడా. మా వాడి కారుకు కొక్కెం కట్టింది ఒక చిన్న వర్క్‌షాప్. పేరు అనవసరం. నేను పడుకుని టార్చి వేసి చూశాను. బంపర్ వెనక పలుచని రేకు మీద నాలుగు వేళ్ల పొడవు వెల్డింగ్ ఉంది, మధ్యలో రెండు చోట్ల రంధ్రాలున్నాయి. దాని మీద ఏ అంకే లేదు. చిన్న సామాను ట్రాలీ లాగడానికి అది చాలుతుందేమో. అదే కొక్కేనికి ఈ బార్లు బిగిస్తే భద్రత పెరగదు. విరిగే చోటే బలం ప్రయోగించినట్టవుతుంది.

4. 'ఇక బండి ఊగదు'

ఊగుడుకూ ముక్కు లేవడానికీ కారణం ఒకటేనని ఈ అభిప్రాయం ఊహిస్తుంది. ముక్కు లేవడం పైకీ కిందికీ జరిగే వ్యవహారం. ఊగుడు కుడి ఎడమలది. ఉత్త స్ప్రింగ్ బార్లు రెండోదాన్ని పెద్దగా పట్టించుకోవు. కొన్ని హిచ్‌లలో బార్ల రాపిడితోనో, పక్కన విడిగా పెట్టే రాపిడి కడ్డీతోనో ఊగుడుకు నిరోధం పెడతారు. అది మొదలైన ఊగుడును కొంత నెమ్మదింపజేస్తుంది. తప్పుగా నింపిన బండిని సరిచేయదు.

ట్రెడ్‌మిల్ మీద బొమ్మ కారుకు బొమ్మ ట్రైలర్ కట్టి చేసే ప్రయోగం చాలామంది చూసే ఉంటారు. బరువు ఇరుసుకు ముందు ఉన్నంతసేపూ, పక్కకు తోసినా ట్రైలర్ తనంతట తాను సర్దుకుంటుంది. అదే బరువును ఇరుసు వెనక్కి జరిపి ఒక్కసారి తట్టితే, ఊగుడు ఒక్కో ఊపుకూ పెరిగి కారును కూడా తిప్పి పడేస్తుంది. అందుకే అమెరికాలో నొగ బరువు మొత్తంలో 10 నుంచి 15 శాతం ఉండాలంటారు. తేలిక కారవాన్లు, చిన్న కార్లు ఉన్న యూరప్‌లో తక్కువ శాతంతో నడుపుతారు, దానికి తగ్గట్టు వేగాన్నీ తక్కువగా ఉంచుతారు. అక్కడ ఈ బార్ల హిచ్ అరుదు, బాల్‌ను రాపిడితో పట్టుకునే స్టెబిలైజర్ కప్లింగులు వాడతారు. ఆ పద్ధతిలో సగం, ఈ పద్ధతిలో సగం తీసుకుని కలపడం మన దగ్గర మొదలైన కొత్త ప్రమాదం. తోపుడుతో పనిచేసే బ్రేకులున్న కప్లింగ్‌కు గొలుసు బార్లు బిగిస్తే ఆ కప్లింగ్ జారాల్సినంత జారదు, కారవాన్ బ్రేకులు అందుకోవు. ఆ రెండూ కలిసి పనిచేస్తాయని తయారీదారు చెప్పి ఉంటేనే కలపాలి.

మా వాడి కారవాన్‌లో నీళ్ల ట్యాంకు వెనక గోడకు ఉంది. ముందు గదిలో మంచానికి చోటు కావాలట. వంద లీటర్ల నీళ్లంటే వంద కిలోలు. ఇరుసుకు మీటరు ముందుండాల్సిన ఆ ట్యాంకును ఇరుసుకు రెండు మీటర్ల వెనక పెడితే నొగ బరువులో 60 కిలోలు ఎగిరిపోతాయి. 300 కాస్తా 240 అయి, 10 శాతం కిందికి జారింది. దానికి తోడు వెనక జనరేటర్. అప్పుడు బార్లు ఇంకా బిగిస్తే? కారు వెనక టైర్లు ఇంకా తేలికవుతాయి. ఊగుడుకు కారణమైన తప్పు అలాగే ఉంది, దాన్ని తట్టుకునే శక్తి తగ్గింది. ఈ అభిప్రాయం మనిషి చేత సరిగ్గా తప్పు దిక్కుకే బోల్టు తిప్పిస్తుంది.

ఇక్కడి వాతావరణం సంగతి కూడా చెప్పాలి. చైత్ర వైశాఖాల్లో మధ్యాహ్నం ఎండ మండుతుండగానే వాయవ్యం నుంచి కాలబైశాఖి విరుచుకుపడుతుంది. దీఘా దారిలో కొలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది వంతెన మీద ఆ గాలి తగిలితే అడ్డుకోవడానికి చెట్టూ లేదు, గోడా లేదు. కారవాన్ పక్క గోడ ఒక తెరచాప. అదే క్షణంలో పక్కనుంచి ఒక బస్సు దూసుకుపోతే ముందు నెట్టుడు, వెంటనే లాగుడు. అప్పుడు ఆదుకునేవి నొగ బరువు, తక్కువ వేగం, కారవాన్ బ్రేకు. ఊగుడు మొదలైతే స్టీరింగ్ నిటారుగా పట్టుకుని ఆక్సిలరేటర్ వదలాలి. కారవాన్ బ్రేకును విడిగా వేసే మీట ఉంటే దాన్ని వాడాలి. కారు బ్రేకు గట్టిగా తొక్కకూడదు, ఊగుడును మించిపోదామని వేగం పెంచకూడదు. 'హిచ్ ఉంది, ఊగదు' అని నమ్మినవాడికి ఈ నాలుగు మాటలు నేర్చుకోవాలన్న ఆలోచనే రాదు. ఆ నమ్మకం చేసే అతిపెద్ద హాని అదే.

5. 'షాపులో బిగించారు, అయిపోయింది'

షాపులో బిగించినప్పుడు కారవాన్ ఖాళీగా ఉంది. ట్యాంకు ఎండి ఉంది, గ్యాస్ సిలిండర్ లేదు, కారులో డ్రైవర్ ఒక్కడే. మీరు బయలుదేరేది నిండిన బండితో, వెనక సీట్లో అత్తగారితో, డిక్కీ నిండా సామానుతో. అది వేరే బండి. గొలుసులో ఏ లింకు తగిలించాలి, దిమ్మను ఎంత వాలుగా ఉంచాలి అన్నవి ఆ నిండిన బండికే తేల్చాలి. చదునైన నేల మీద పెట్టి, తగిలించక ముందు, తగిలించాక, బార్లు బిగించాక మూడు ఎత్తులూ కొలవాలి. కారవాన్ మట్టంగానో, మూతి కొద్దిగా కిందికో ఉండాలి, పైకి లేచి ఉండకూడదు. ఒకసారి కుదిరాక లింకు నంబర్ రాసిపెట్టుకోవచ్చు. నింపే తీరు మారితే మళ్లీ కొలవాలి.

బార్లు తగిలించేటప్పుడు కారవాన్ జాక్‌తో కారు తోకనూ నొగనూ కలిపి పైకెత్తితే చేతి బలం దాదాపు అక్కర్లేదు. అలా ఎత్తకుండా మీటను కాలితో తొక్కి బిగించే అలవాటు మనవాళ్లలో చూశాను. ఆ మీట జారి వెనక్కి తన్నితే మోకాలి కింద ఎముక మిగలదు. పక్కన పెట్టే రాపిడి కడ్డీ రకమైతే వెనక్కి తిప్పే ముందు తీసేయాలి. పెట్రోల్ బంకు ఏటవాలులోనో, రేవు దిగుడులోనో హిచ్ పల్లంలోకి దిగి, కారూ కారవానూ చెరో వైపు పైకి విరిగినట్టు నిలిస్తే బార్ల మీద మామూలుకు ఎన్నో రెట్లు ఒత్తిడి పడుతుంది. అలాంటి చోట దిగి బార్లు విప్పి, దాటాక మళ్లీ బిగించాలి. బద్ధకమనిపిస్తే కారవాన్‌ను ఇంట్లోనే వదలాలి.

కాబట్టి మా మేనల్లుడికి నేను చెప్పింది ఇది, ఇక్కడా అదే చెబుతున్నాను. హిచ్ చివరి పని. దానికి ముందు కారు మాన్యువల్లో అంకె ఉండాలి. మెలిని తట్టుకునే రిసీవర్, దాని మీద చెక్కిన రేటింగ్ ఉండాలి. నీళ్ల ట్యాంకు ఇరుసు దగ్గరికి రావాలి, జనరేటర్ దిగిపోవాలి. ఆ తర్వాత ధర్మకాంటా, అంటే లారీలను తూచే కాటా. బెంగాలీలో కూడా దాని పేరు ధర్మకాంటాయే, డాన్‌కునీ లారీల దారిలో దొరుకుతుంది. మూడు సార్లు తూచాలి, ప్రతిసారీ ఇరుసు ఇరుసుకూ విడివిడిగా. మొదట కారు ఒక్కటే, మనుషులతో సామానుతో. రెండోది కారవాన్ తగిలించి, బార్లు లేకుండా. మూడోది బార్లు బిగించి. మొదటి చీటీకీ రెండో చీటీకీ మధ్య ముందు ఇరుసు ఎంత పోగొట్టుకుందో, మూడో చీటీలో ఎంత తిరిగి తెచ్చుకుందో, వెనక ఇరుసు తన పరిమితి లోపల ఉందో లేదో అంకెల్లో కనిపించాలి.

అతను కోపంగానే వెళ్లాడు. రెండు వారాల తర్వాత మొదటి రెండు చీటీలు తెచ్చి నా ముందు పెట్టాడు. కారవాన్ కట్టినవాళ్లు చెప్పిన బరువు కంటే మూడు వందల డెబ్బై కిలోలు ఎక్కువ వచ్చింది. కొత్త రిసీవర్ ఇంకా రాలేదు కాబట్టి మూడో చీటీ లేదు. అది వచ్చేదాకా దీఘాకు పిల్లల్ని నేను రైల్లో తీసుకెళతానని చెప్పాను.